మూడేళ్ళు అద్దెకున్న ఆన్‌లైన్ దుకాణం: 5కి 3 నక్షత్రాలు

నాలుగు నక్షత్రాలు ఇద్దామనే కూర్చున్నాను. నా డబ్బు తొమ్మిది రోజులు ఆపేసిన సంగతి రాస్తుంటే కోపం మళ్ళీ వచ్చి ఒకటి తగ్గించాను.

నేను చేతితో కుట్టిన నోటు పుస్తకాలు అమ్ముతాను. కాగితాలు మడవాలి, దబ్బనంతో బెజ్జాలు వెయ్యాలి, మైనం రాసిన దారంతో కుట్టాలి, అట్టకి గుడ్డ అంటించి రాత్రంతా బరువు కింద పెట్టాలి. మొదట్లో తెలిసినవాళ్ళు, వాళ్ళకి తెలిసినవాళ్ళు కొనేవారు. ఎవరెంత ఇవ్వాలో ఒక నోటు పుస్తకంలోనే రాసుకునేదాన్ని. అడగడానికి మొహమాటపడి సగం వదిలేసేదాన్ని కూడా. మూడేళ్ళ కిందట, నెలనెలా చందా కడితే దుకాణం పేజీలు, కార్ట్, పేమెంట్, బిల్లు, కొరియర్ లేబుల్ అన్నీ ఒకేచోట ఇచ్చే సర్వీసు ఒకటి తీసుకున్నాను. పేరు రాయడం లేదు. తీసుకునే ముందు ఇలాంటివి నాలుగు చూశాను, తర్వాత వాటిని వాడేవాళ్ళతో మాట్లాడాను. తేడా రంగుల్లో ఉంది గానీ తలనొప్పులు అందరివీ ఒకటే.

మంచి చెప్పాలంటే, నాకు జరిగిన అతి పెద్ద మేలు ఆ మొహమాటం పోవడం. ధర పేజీ మీద ఉంటుంది. డబ్బు పడితేనే ఆర్డరు నా దాకా వస్తుంది. "తర్వాత ఇస్తాలే" అన్న మాట మూడేళ్ళుగా వినలేదు. నిద్రపోతున్నప్పుడు కూడా అమ్ముడవుతుందని వాళ్ళ ప్రకటనలో ఉంటుంది. అది నిజమే. కాకపోతే నిద్ర లేచాక కుట్టాల్సింది నేనే.

"అరగంటలో మీ దుకాణం సిద్ధం" అన్నది కూడా అబద్ధం కాదు. ఒక సాయంత్రం కూర్చుని రంగులు, అక్షరాలు ఎంచుకుని లేచేసరికి దుకాణం తయారు. అరల్లో సరుకు లేదు, అంతే. ఫొటోలు తియ్యడానికి, కొలతలు రాయడానికి, ఒక్కో పుస్తకం గురించి నాలుగు వాక్యాలు కూర్చడానికి మూడు వారాలు పట్టింది. ఈ మూడు వారాల మాట ఏ ప్రకటనలోనూ ఉండదు.

అయినా ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చాం అనిపిస్తుంది. ఇంగ్లండులో మైకేల్ ఆల్డ్రిచ్ అనే ఆయన 1979లో ఇంటి టీవీని కొంచెం మార్చి, ఫోను లైను ద్వారా కంప్యూటరుకి కలిపి, ఇంట్లోంచే కొనొచ్చని చూపించాడు. 1984లో గేట్స్‌హెడ్‌లో 72 ఏళ్ళ ఒకావిడ టీవీ రిమోటుతో ఇంటి సరుకులు ఆర్డరు చేసింది. 1994 ఆగస్టులో అమెరికాలో నెట్‌మార్కెట్ అనే చిన్న సైటు, కార్డు నంబరు దారిలో ఎవరూ చదవకుండా ఎన్‌క్రిప్ట్ చేసి ఒక మ్యూజిక్ సీడీ అమ్మితే అది పేపర్లో వార్త అయింది. కొన్నవాళ్ళు అప్పుడు దానికోసం ప్రత్యేకంగా సాఫ్ట్‌వేరు పెట్టుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు నా కస్టమరు బస్సులో నిలబడి ఒక చేత్తో కొంటోంది. నేను చెయ్యాల్సిందేమీ లేదు, కార్డు నంబరుని అలా కాపాడే ఏర్పాటు చందాలోనే వస్తుంది. కార్డు నంబర్లు నా దగ్గర నిలవ ఉండవు, ఆ పని గేట్‌వే వాళ్ళే, అంటే కొన్నవాళ్ళ దగ్గర డబ్బు తీసుకుని నాకు చేర్చే కంపెనీవాళ్ళే, చూసుకుంటారు. దీనికి మాత్రం పూర్తి మార్కులు.

దుకాణం తెరిచిన రోజు మా తమ్ముడు ఒకటి కొన్నాడు. తర్వాత పదకొండు రోజులు ఒక్కరూ రాలేదు.

వీధిలో దుకాణం పెడితే బోర్డు చూసి అయినా ఎవరో ఒకరు తొంగిచూస్తారు. నెట్‌లో దుకాణానికి వీధే ఉండదు. ఆ వీధిని మనమే డబ్బు పెట్టి తెచ్చుకోవాలి. దాని పేరే ప్రకటనలు. మొదటి నెల ప్రకటనల మీద పెట్టింది అమ్మకాల కంటే ఎక్కువ. 1,140 మంది వచ్చి చూశారు, 14 మంది కొన్నారు. నేను ఏడ్చినంత పని చేస్తే, ఈ వ్యాపారంలో ముందునుంచీ ఉన్న స్నేహితురాలు "నూటికి ఒకరు కొన్నారా, పర్వాలేదే" అంది. అందరికీ అంతేనట! కార్ట్‌లో వేసుకుని కూడా కొనకుండా వెళ్ళిపోయేవాళ్ళు సగటున 70 శాతం దాకా ఉంటారని బేమార్డ్ అనే పరిశోధన సంస్థ చాలా అధ్యయనాలు కలిపి లెక్క తేల్చింది. నా దుకాణంలో ఇంకొంచెం ఎక్కువ. కొరియర్ ఖర్చు చివరి పేజీలో చూపించడమే కారణమని ఏడాదికి గాని తెలుసుకోలేదు. దాన్ని మొదటి పేజీలోనే కనపడేలా మార్చాక వదిలేసి వెళ్ళేవాళ్ళు తగ్గారు. ఆ మార్పు చెయ్యడానికి సర్వీసులో ఒక్క బటనుంది. అది ఎక్కడుందో కనుక్కోవడమే కష్టం. సెట్టింగులలో మూడో అర, దాని లోపల ఇంకో అర.

ఫొటోల దగ్గర ఇంకో పాఠం. "నీలం అనుకున్నాను, ఊదా వచ్చింది" అని మొదటి ఏడాదిలో తొమ్మిది పుస్తకాలు వెనక్కి వచ్చాయి. దీపం వెలుతురులో తీసిన ఫొటోలవి. ఇప్పుడు పగలు కిటికీ పక్కన, తెల్ల కాగితం మీద పెట్టి తీస్తాను. పక్కన ఒక పెన్ను కూడా ఉంటుంది. ఎందుకంటే కొలతలు అంకెల్లో ఎంత స్పష్టంగా రాసినా ఎవరూ చదవరు. "ఇంత చిన్నదా?" అని వచ్చే కోపం, ఆ పెన్ను పెట్టిన దగ్గర్నుంచీ ఆగింది. వాపసులు తగ్గించింది సర్వీసు వాళ్ళు అమ్మజూపిన "స్మార్ట్ రిటర్న్స్" యాప్ కాదు, ఆ పెన్నే.

గుడ్డ మీద చిన్న మరక పడ్డ పుస్తకాలు కూడా ఉంటాయి. దాచకుండా మరకని దగ్గరగా ఫొటో తీసి, "ఇదిగో మరక" అని రాసి, ధర తగ్గించి పెడతాను. మంచివాటికన్నా ముందు అవే పోతాయి. 1995లో పియెర్ ఒమిడ్యార్ వేలంపాటల సైటు మొదలుపెట్టినప్పుడు (అదే తర్వాత ఈబే అయింది) మొట్టమొదట అమ్ముడైంది పాడైపోయిన లేజర్ పాయింటర్. అది పాడైందని తెలిసే కొంటున్నారా అని ఆయన అడిగితే, పాడైనవి నేను సేకరిస్తుంటాను అన్నాడట కొన్నాయన. ఎవరికేం కావాలో మనకేం తెలుసు.

ఇప్పుడు కొరియర్. దీని గురించి ముందు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. నా పుస్తకం బరువు 600 గ్రాములు. మూలలు నలగకూడదని పెద్ద పెట్టెలో, చుట్టూ కాగితం కుక్కి పంపేదాన్ని. పెట్టె 30 సెంటీమీటర్ల పొడవు, 25 వెడల్పు, 15 ఎత్తు. రెండు నెలలయ్యాక బిల్లులో నా పార్సిళ్ళన్నీ 2.25 కిలోలని చూపించారు. మోసమనుకుని పెద్ద ఉత్తరం రాశాను. మోసం కాదట. కొరియర్ వాళ్ళు బరువుతో పాటు పార్సిల్ ఆక్రమించే చోటుకీ లెక్క కడతారు. మూడు కొలతల్నీ గుణించి 5000తో భాగిస్తారు. అసలు బరువు, ఈ లెక్క బరువు, రెండిట్లో ఏది ఎక్కువైతే దానికి ఛార్జి. అంటే రెండు నెలలు నేను గాలిని పార్సిల్ చేసి పంపాను, టిక్కెట్టు కొని మరీ. ఇప్పుడు 23, 17, 4 కొలతల గట్టి అట్ట కవరు వాడుతున్నాను. లెక్క బరువు 0.31 కిలోకి దిగింది, అసలు బరువుకే బిల్లు పడుతోంది. మూలలు కూడా నలగడం లేదు. ఈ సర్వీసులో పెట్టె కొలతలు రాసే గడి ఉంది, కానీ ఖాళీ వదిలేసినా ఊరుకుంటుంది. కనీసం ఒక హెచ్చరికైనా ఇవ్వొచ్చు కదా.

ఇక అసలు గొడవ.

ఒక మంగళవారం రాత్రి పదకొండున్నరకి నా ఫోను ఆగకుండా టింగుమంటోంది. ఆర్డరు వస్తే అలా మోగేలా పెట్టుకున్నాను. "అక్కా, వైరల్ అయిపోయావ్" అని మా తమ్ముడు మంచం మీంచి లేచొచ్చాడు. చూస్తే అన్నీ ఒకే వస్తువుకి. పుస్తకంలో పెట్టుకునే గుడ్డ బుక్‌మార్క్, నా దుకాణంలో అన్నిటికన్నా చవకది. కొన్నవాళ్ళ పేర్లు కీబోర్డు మీద చెయ్యి పారేసుకున్నట్టున్నాయి. నలభై మూడు ప్రయత్నాల్లో ముప్ఫై ఏడు ఫెయిలయ్యాయి, ఆరింటికి డబ్బు పడింది. నేనింకా సంబరపడుతూనే ఉన్నాను.

దీన్ని కార్డు టెస్టింగ్ అంటారని తెల్లారాక తెలిసింది. దొంగిలించిన కార్డు నంబర్ల జాబితా ఎవడి దగ్గరో ఉంటుంది. అందులో ఏవి పనిచేస్తున్నాయో చూడటానికి, కాపలా లేని చిన్న దుకాణం చూసుకుని, అతి చవకైన వస్తువు మీద ప్రోగ్రాముతో ఒక్కొక్కటే ప్రయత్నిస్తాడు. వాడికి నా బుక్‌మార్క్ అక్కర్లేదు. పనిచేసిన కార్డుతో ఇంకెక్కడో పెద్ద వస్తువు కొంటాడు. కార్డు అసలు యజమాని నెల తర్వాత స్టేట్‌మెంటు చూసుకుని "ఇది నేను కొనలేదు" అని బ్యాంకులో చెప్తే డబ్బు నా ఖాతాలోంచే వెనక్కి పోతుంది. దాన్నే ఛార్జ్‌బ్యాక్ అంటారు. సరుకు పంపి ఉంటే సరుకూ పోతుంది, పైన జరిమానా. మామూలుగా నెట్ అమ్మకాల్లో ఆ నష్టం అమ్మినవాళ్ళదే. కొన్నవాళ్ళ ఫోనుకి కోడ్ పంపి బ్యాంకు సరిచూసిన పేమెంట్లయితే ఆ భారం ఎక్కువ సందర్భాల్లో బ్యాంకు మీదకి మారుతుంది. నా దుకాణంలో ఆ సరిచూడటం ఆపేసి ఉంది! ఆపింది నేను కాదు. "తక్కువ అడుగులు, ఎక్కువ అమ్మకాలు" అని సర్వీసువాళ్ళే మొదటినుంచీ అలా పెట్టి ఇచ్చారు.

తెల్లారి ఆరు ఆర్డర్లకీ డబ్బు నేనే తిప్పి పంపేశాను, బుక్‌మార్కులు పంపలేదు. గేట్‌వే ఫీజు మాత్రం తిరిగి రాలేదు. అక్కడితో అయిపోయిందనుకున్నాను. మధ్యాహ్నానికి నా ఖాతా ఆగింది. ఆ వారం మామూలు కస్టమర్లు కట్టిన మొత్తం అందులో ఇరుక్కుపోయింది. "అనుమానాస్పద లావాదేవీలు, పరిశీలనలో ఉంది." కాగితం కొన్నచోట బాకీ ఉన్నాను, కుట్టి పంపాల్సిన పుస్తకాలు ఇరవై ఉన్నాయి, చేతిలో డబ్బు లేదు. టెన్షన్‌తో రెండు రాత్రులు నిద్ర లేదు.

సాయం అడగడానికి ఫోను నంబరు లేదు, చాట్ మాత్రమే. చాట్‌లో బొమ్మ మొహం పెట్టుకున్న బాట్ "మీ ఓపికకి ధన్యవాదాలు" అంది. నేనింకా ఓపిక పట్టనే లేదు. అదే మాట మూడుసార్లు చెప్పాక, "మనిషి" అని ఒక్క ముక్క టైపు చేస్తే మనిషికి కలుపుతుందని తమ్ముడు ఎక్కడో చదివి చెప్పాడు. కలిపింది. ఆ అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. "మేడమ్, మీ తప్పేం లేదని కనపడుతోంది, కానీ నిర్ణయం గేట్‌వేవాళ్ళది" అంది. వాళ్ళకి రాస్తే సర్వీసువాళ్ళని అడగమన్నారు. గుర్తింపు కాగితాలు రెండుసార్లు పంపాను. తొమ్మిదో రోజు డబ్బు వదిలారు. ఎందుకు ఆపారో, ఎందుకు వదిలారో వివరం లేదు. క్షమించండి అన్న మాట కూడా లేదు.

వాళ్ళ వైపు నుంచి చూస్తే ఆపడం తప్పు కాదేమో. దొంగసొమ్ము దాటిపోకుండా ఆపాల్సిందే. నా బాధల్లా ముప్ఫై ఏడు ఫెయిలైన ప్రయత్నాలని కళ్ళెదుట చూస్తూ ఆ రాత్రి ఊరుకున్న యంత్రం, మర్నాడు నన్ను పట్టుకోవడం. ఇప్పుడు బ్యాంకు సరిచూడటం ఆన్ చేశాను. "నేను రోబోని కాను" అన్న గడి పెట్టాను. బుక్‌మార్క్ విడిగా అమ్మడం మానేసి పుస్తకంతో కలిపి ఇస్తున్నాను. ఒకటిన్నర ఏడాదిలో మళ్ళీ అలాంటి రాత్రి రాలేదు. ఇవన్నీ మొదటి రోజే వాళ్ళే పెట్టి ఇచ్చి ఉంటే ఆ నాలుగో నక్షత్రం వాళ్ళదే.

దుకాణం పేజీ తెరుచుకోవడం కూడా నెమ్మది. నేను మొదట ఎంచుకున్న డిజైనులో మొదటి పేజీలోనే వీడియో ఆడేది. నా ఫోనులో బాగానే ఉండేది, పాత ఫోన్లున్నవాళ్ళు ఎదురుచూసి వెళ్ళిపోయేవారు. ఇది కొత్త తప్పేమీ కాదు. బూ డాట్ కామ్ అని 1999 నవంబరులో పెద్ద హంగుతో తెరిచిన బట్టల సైటు, నెమ్మదైన డయలప్ కనెక్షన్ల కాలంలో బరువైన బొమ్మలతో పేజీలు నింపి, 2000 మే నెలకల్లా మూతపడింది. దానికి వేరే కారణాలూ ఉన్నాయి గానీ, తెరుచుకోని తలుపు ఏ దుకాణానికి మంచిది? నేను వీడియో తీసేశాను, ఉచితంగా ఇచ్చే సాదా డిజైనుకి మారాను. డబ్బు పెట్టి కొన్న డిజైను అలా పక్కన పడుంది.

చందా చూసి మోసపోకండి. నూరు వస్తే నాకు లెక్క ఇలా తేలుతోంది: గేట్‌వేకి 3, సర్వీసు కమిషను 2, నెల చందా విడదీస్తే 4, ప్రకటనలకి 15, కొరియర్‌కి 12, కవర్లకి 3, వాపసులకి 2. అంటే 41 పోయింది. కాగితం, గుడ్డ, దారం, జిగురుకి 28. మిగిలిన 31 నా చేతులకి. మొదట్లో ఒక ఏడాది పెద్ద మార్కెట్ సైటులో కూడా పెట్టి చూశాను. అక్కడ వీధి ఉంది, జనం ఉన్నారు, ప్రకటనల ఖర్చు దాదాపు లేదు. కమిషను మాత్రం చాలా ఎక్కువ. పైగా నా పుస్తకం పేజీలోనే, కింద, ఇంకా చవగ్గా ఉన్న వేరేవాళ్ళవి చూపిస్తారు. కొన్నదెవరో నాకు తెలియనివ్వరు, తర్వాత ఉత్తరం రాద్దామన్నా దారి లేదు. రెండూ లెక్క వేసుకుంటే చేతికి మిగిలేది పెద్ద తేడా లేదు. నేను ఇక్కడే ఉండటానికి కారణం కస్టమరు పేరు నాకు తెలియడం. మళ్ళీ కొనేవాళ్ళు ఇప్పుడు నూటికి ముప్ఫై మంది. వాళ్ళని రప్పించడానికి ప్రకటన అక్కర్లేదు.

రివ్యూల గురించి ఒక ముక్క. అయిదు నక్షత్రాల రివ్యూలు యాభై రాయించి ఇస్తామని నెలకి ఒకరైనా మెయిల్ పెడతారు. అమెరికాలో కొనుగోలుదార్లు మోసపోకుండా చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ 2024లో దొంగ రివ్యూలు కొనడం, అమ్మడం నిషేధిస్తూ నియమం తెచ్చింది. నేను చట్టానికి భయపడి కాదు, చదివితే తెలిసిపోతుందని కొనలేదు. "అద్భుతమైన ఉత్పత్తి, వేగవంతమైన డెలివరీ" అని మనుషులు రాయరు. నాకొచ్చిన వాటిల్లో నాకిష్టమైనది మూడు నక్షత్రాలది: "పుస్తకం బాగుంది, రాయాలంటే చెయ్యి రావట్లేదు."

ఇది తీసుకోబోయేవాళ్ళు ఒక్కటి మాత్రం మొదటి రోజే చెయ్యండి. సర్వీసువాళ్ళు ఉచితంగా ఇచ్చే అడ్రసు, అంటే చివర్లో వాళ్ళ పేరు తగిలించి ఉండేది, దాన్ని వాడకండి. నేను ఆ అడ్రసుని రెండు వేల చీటీల మీద అచ్చు వేయించి, ప్రతి పుస్తకంలో పెట్టి పంపాను. ఏడాదిన్నర తర్వాత సొంత డొమైన్ కొని మారితే వెతుకులాటలో నా దుకాణం ఎక్కడో అడుక్కి పోయింది. పాత అడ్రసు నుంచి కొత్తదానికి దారి మళ్ళించడం పెద్ద చందాలో మాత్రమే ఉందట! ఇంకా ఎనిమిది వందల చీటీలు మిగిలాయి. వెనకవైపు తెల్లగానే ఉంది కాబట్టి కొలతలు రాసుకోవడానికి వాడుతున్నాను.

ఇలాంటి సర్వీసే అయిన షాపిఫై పుట్టుక కథ చదివితే నవ్వొస్తుంది. 2004లో ఇద్దరు స్నోబోర్డులు అమ్ముకోవడానికి సైటు పెట్టుకోబోయి, అప్పట్లో దొరికే సాఫ్ట్‌వేర్ నచ్చక సొంతంగా రాసుకున్నారు. 2006లో స్నోబోర్డులు వదిలేసి ఆ సాఫ్ట్‌వేర్‌నే అందరికీ ఇవ్వడం మొదలుపెట్టారు. నేను వాడుతున్నది అది కాదు, కానీ సంగతి అన్నిచోట్లా అదే. వాళ్ళ వ్యాపారం దుకాణాలు అద్దెకివ్వడం, నాది పుస్తకాలు కుట్టడం. నా ఖాతా ఆగిన రోజు వాళ్ళ అద్దె ఆగలేదు. ఆ తొమ్మిది రోజులకీ చందా పట్టుకున్నారు.

ఈ నెలాఖరుకి ఏడాది చందా అయిపోతుంది. తగ్గింపు ఇస్తామని మెయిళ్ళు వస్తున్నాయి. వదలడం లేదు గానీ, ఈసారి ఏడాదికి కట్టకుండా నెలనెలా కడతాను, కొంచెం ఎక్కువైనా సరే. ప్రతి ఆదివారం కస్టమర్ల జాబితా, ఆర్డర్లు, ఫొటోలు నా కంప్యూటరులోకి దింపుకుంటున్నాను. ఆ బటను బాగానే పనిచేస్తుంది, నిమిషం పట్టదు. పోయిన ఆదివారం దింపిన ఫైల్లో 1,912 పేర్లున్నాయి. మా తమ్ముడి పేరు రెండుసార్లుంది. రెండోసారి ఎప్పుడు కొన్నాడో నాకింతవరకూ చెప్పలేదు.